కన్నూ నోరూ

పసుపు కోటు చిన్నకోడలికి ఇచ్చారు.

సూపర్‌వైజర్ బెల్టు ఆపకుండానే ఇచ్చాడు. గాజు షెడ్డులో బెల్టు ఆపడమంటే మాటలు కాదు. మంచి కబురైనా చెడ్డ కబురైనా ఆ గలగలలోనే అరిచి చెప్పుకోవాలి.

"రేపట్నుంచి మన అమ్మాయి వీధుల్లోకి వెళ్తుంది! ఏ సీసా ఏ డబ్బాలో వెయ్యాలో ఇంటింటికీ తిరిగి చెప్తుంది! తెల్ల గాజు వీధిలోనే వేరైపోతే ఇక బెల్టు ఎక్కే పనే లేదు, నేరుగా కొలిమికే!"

బెల్టుకి రెండు పక్కలా ఉన్నవాళ్ళు తొడుగులతోనే చప్పట్లు కొట్టారు. పెద్దకోడలు కొట్టలేదు. ఆమె చేతులు ఖాళీగా లేవు.

ఆమెది బెల్టు మొదట్లో చోటు. గుట్టలోంచి వచ్చి పడే గాజుని అందరికన్నా ముందు చూసేది ఆమే. గోధుమరంగు సీసా ఎడమ తొట్టిలోకి, ఆకుపచ్చది కుడి తొట్టిలోకి, తెల్లది ముందుకి. అద్దం పెంకు, పింగాణీ ముక్క, ఓవెన్ పొయ్యిలో పెట్టే గట్టి గాజు గిన్నె కనిపిస్తే కాళ్ళ దగ్గరున్న ఎర్ర బకెట్లోకి. ఎడమ చేతికి తొడుగు ఉంటుంది. కుడి చేతికి ఉండదు. తొడుగు వేసుకుంటే వేళ్ళకి కళ్ళు పోతాయంటుంది. షెడ్డులో పదకొండేళ్ళుగా అందరూ ఆమెని మొహం మీదే 'గద్ద' అంటారు. ఆ పేరంటే ఆమెకి ఇష్టం కూడా.

బెల్టు చివర్న చిన్నకోడలు కోటు తొడుక్కుని చేతులు చాపి చూసుకుంటోంది. మరిది భార్య. ఏడు నెలల కిందట చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ షెడ్డులో నిలబెట్టింది తనే.

"అక్కా, బాగుందా?" అంది చిన్నకోడలు దగ్గరికొచ్చి.

"పొడుగైంది," అంది పెద్దకోడలు సీసాల మీంచి కళ్ళు తిప్పకుండా.

టీ వేళకి సూపర్‌వైజర్ గదిలోకి వెళ్ళింది. వెళ్ళకూడదనే అనుకుంది, కాళ్ళు ఆగలేదు.

"సార్, వీధిలోనే వేరు చేయిద్దామని మీకు చెప్తూ వచ్చింది నేను."

"అవును, నువ్వూ అన్నావ్."

"నేనూ కాదు సార్. నేనే. మూడేళ్ళుగా చెప్తున్నా. మీరు తలూపి ఊరుకున్నారు. పోయిన నెల మీటింగులో అది చేతులు తిప్పుతూ చెప్పేసరికి కొత్త మాటైపోయిందా?"

సూపర్‌వైజర్ చెడ్డవాడు కాదు. తొందరపనిలో ఉన్న మనిషి. కాగితాల మీంచి తలెత్తి నవ్వాడు. "అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరమ్మా? నీ కన్ను బెల్టు దగ్గర లేకపోతే షెడ్డు మూసుకోవాల్సిందే. కన్ను నీది, నోరు దానిది. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే అందరికీ మంచిది."

ఆ పొగడ్త ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. బెల్టు దగ్గరికి తిరిగొచ్చి, తెల్ల గాజు ఇక బెల్టు ఎక్కదన్న మాట అప్పుడు గుర్తు తెచ్చుకుంది. సగం గాజు తన కళ్ళ ముందు నుంచి వెళ్ళనే వెళ్ళదు. ఏకై వచ్చింది మేకై కూర్చుంది, అనుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అత్త కోటుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుండీ ఒకటి వదులైందట, దారం ఎక్కించి బిగిస్తోంది. పెద్దకోడలి ఏప్రన్‌కి పదకొండేళ్ళలో ఎన్ని చిరుగులు పడ్డాయో, అన్నీ ఆమే కుట్టుకుంది. ఎవరూ అడగలేదు.

"మా ఇంట్లో ఆఫీసరు పుట్టింది," అన్నాడు పెద్దకోడలి మొగుడు, తమ్ముడి వీపు చరుస్తూ. అందరూ నవ్వారు. ఆమె గిన్నెలు తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు వెనకాలే వచ్చింది, చేతిలో కొత్త నోటుబుక్కు. "అక్కా, నాకు భయంగా ఉంది. జనం ఏవేవో అడుగుతారు కదా. మందు సీసాలు వెయ్యొచ్చా?"

"కడిగి వెయ్యొచ్చు."

రాసుకుంది. "మూతలు?"

"తియ్యాలి."

"అద్దాలు?"

"వద్దు." గిన్నె తోమే చెయ్యి వేగం పెరిగింది. "ఏడు నెలలు అక్కడే నిలబడ్డావు కదా. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?"

చిన్నకోడలు చిన్నగా నవ్వింది, తప్పు చేసినదానిలా. "ఇదొక్కటి చెప్పక్కా. పొయ్యిలో పెట్టే గిన్నెలుంటాయి చూడు, తెల్లగా, మందంగా. అవి కూడా గాజేగా?"

పెద్దకోడలు కుళాయి కట్టేసింది. పడకగదిలోంచి అత్త గొంతు వినిపిస్తోంది. కోటు రంగు చిన్నకోడలి ఒంటికి ఎంత నప్పిందో కిటికీలోంచి పక్కింటావిడకి చెప్తోంది.

"గాజు కాక మట్టా?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు అదీ రాసుకుంది.

నాలుగో రోజు లారీ మీద సీసాలెత్తే మనిషికి నడుం పట్టేసింది. సూపర్‌వైజర్ పెద్దకోడల్ని పంపాడు. దారి పొడవునా డ్రైవరు ఒకటే పాట. "మీ తోడికోడలు భలే మనిషమ్మా. నిన్న ఒకాయన కుక్కని విప్పుతానన్నాడు. ఐదు నిమిషాలయ్యేసరికి ఆయనే సీసాలు మోసుకొచ్చాడు, కుక్క తోక ఊపుతోంది." ఆమె కిటికీ అద్దం దించి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ కుక్క కరిచి ఉంటే ఏమయ్యేదా అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడింది. మళ్ళీ అదే అనిపించింది.

వీధి మలుపులో మూడు కొత్త డబ్బాలు పెట్టారు. పెద్దకోడలు డబ్బాల లోపల గాజు పడే పళ్ళేలను ఒక్కొక్కటే లారీ మీదకెత్తుతోంది. అవతల పక్క గేటు దగ్గర చిన్నకోడలు గొంతు వినిపించింది. ఇంట్లో వినిపించే గొంతు కాదది. వెడల్పుగా, తీరిగ్గా ఉంది. "కాలు ఎలా ఉందమ్మా?" అని ఎవర్నో అడిగింది. "మళ్ళీ వచ్చేసరికి మీరు పరిగెడతారు చూడండి." ఎవరో పెద్దావిడ కిసుక్కున నవ్వింది. తర్వాత ఒక ముసలాయన గొంతు. ఆ వీధిలో అందరూ మాస్టారనే ఆయన.

"ఇదిగో అమ్మాయ్, ఈ గిన్నె అంచు పగిలింది. పొయ్యిలో పెట్టేది. మూత కూడా ఉంది. ఇది ఆ తెల్ల డబ్బాలో వెయ్యొచ్చా? మా వీధిలో ఇలాంటివి ప్రతి ఇంట్లోనూ రెండో మూడో పడున్నాయి."

కాగితాలు తిప్పిన చప్పుడైంది. పెద్దకోడలు పళ్ళెం గుండెలకానించుకుని నిలబడిపోయింది.

ఆ గాజుని ఆమె ఎంత దూరం నుంచైనా పోల్చగలదు. సీసా గాజు పగిలితే అంచు లేతాకుపచ్చగా ఉంటుంది. దీని అంచుకి ఏ రంగూ ఉండదు, లేదా ఎండలో పెడితే కొంచెం పసుపు చాయ. పదకొండేళ్ళలో ఇలాంటి ముక్క ఒక్కటి కూడా ఆమె చెయ్యి దాటి పోలేదు. ఇప్పుడు లారీ చుట్టూ నాలుగడుగులు వేసి "మాస్టారూ, అది వద్దండి" అంటే సరిపోతుంది.

"గాజే కదా మాస్టారూ, వేసెయ్యండి," అంది చిన్నకోడలు. "పక్కవాళ్ళకి కూడా చెప్పండి. కరిగితే అన్నీ ఒకటే."

మాట పెద్దకోడలి నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. నోరుంది కదా, నోటితోనే దిద్దుకోనీ. ఆమె పళ్ళెం పైకెత్తి లారీలో బోర్లించింది. గాజంతా గలగలా జారింది. ఆ చప్పుడులో ముసలాయన ఇంకేమన్నాడో వినబడలేదు.

రెండు రోజుల తర్వాత తెల్ల గాజు లారీ షెడ్డు గేటు దాటి కొలిమికి బయల్దేరింది. పెద్దకోడలు గేటు పక్కనే చెయ్యి కడుక్కుంటోంది. చెయ్యి ఎత్తితే డ్రైవరు ఆగేవాడు. ఆమె వేళ్ళ సందులు రుద్ది రుద్ది కడుక్కుంది.

లారీ మర్నాడే వెనక్కి వచ్చింది, కొలిమిలో వేసిన కాస్తా పోగా మిగిలిన గాజంతటితో. దానితోపాటు కొలిమి మనిషి కూడా వచ్చాడు. తెల్ల చొక్కా, చెవుల మీద కాలిన మచ్చలు. ఆయన చెయ్యి ఊపగానే లారీ తొట్టి పైకి లేచి, అంత గాజునీ షెడ్డు ముందున్న సిమెంటు నేల మీద పోసేసింది. ఆ రోజు మొదటిసారి బెల్టు ఆపారు.

కొలిమి మనిషి సంచిలోంచి ఒక సీసా తీశాడు. అప్పుడే చేసిన కొత్త సీసా. మెడ దగ్గర వేలు పెట్టి చూపించాడు. అక్కడ గాజులోపల చిన్న కంతి ఉంది, చర్మం కింద గడ్డలాగా.

"పొయ్యి గిన్నె ముక్క ఇది. మీ గాజు కరిగే వేడికి ఇది కరగదు. ఇలా రాయిలా మిగిలిపోతుంది. ఈ సీసాలో ఏదైనా పోసి మూత బిగిస్తే సరిగ్గా ఇక్కడే పగులుతుంది, ఎవరి చేతిలోనో. నిన్న ఒక పూట చేసిన సీసాలన్నీ పగలగొట్టించాం."

సూపర్‌వైజర్ మొహంలో నెత్తురు లేదు.

"మీ పెంకులు వేస్తే మాకు ఇసుక కలిసొస్తుంది, మంట కలిసొస్తుంది," అన్నాడు కొలిమి మనిషి కోపం లేకుండానే. "అదే గాజు ఎన్నిసార్లు కరిగించినా అరగదు. అందుకే మీతో ఒప్పందం చేసుకున్నాం. కానీ ఇలాగైతే మళ్ళీ ఏట్లోంచి ఇసుక తవ్వుకోవడమే మాకు నయం. మూడ్రోజులు ఆగుతా. శుభ్రమైన గాజు పంపండి. లేదా మీ డబ్బాలు మీరు వీధుల్లోంచి తీసేసుకోండి."

డబ్బాలు తీసేస్తే గాజు మళ్ళీ ఊరి చివర దిబ్బకే పోతుంది. షెడ్డులో సగం మందికి పని ఉండదు. అందరూ చిన్నకోడలి వైపు చూశారు.

"వెయ్యమని చెప్పింది నువ్వేనా?" అన్నాడు సూపర్‌వైజర్.

"నేనే సార్."

"ఎవరు చెప్పారు నీకు?"

పెద్దకోడలి చూపు చిన్నకోడలి జేబు మీద పడింది. నోటుబుక్కు అక్కడే ఉంది. అందులో తను అన్న మాట ఉంది.

"ఎవరూ చెప్పలేదు. నాకే తెలీలేదు," అంది చిన్నకోడలు.

"తెలీకపోతే అడగాలి కదమ్మా! ఇంట్లోనే ఉంది కదా అంతా తెలిసిన మనిషి!" కోటు విప్పించాడు. అందరి ముందూ. చిన్నకోడలు ఒక చెయ్యి తీసి, రెండో చెయ్యి తియ్యబోతే గుండీ దారం దేనికో పట్టుకుంది. అత్త గట్టిగా కుట్టింది మరి. అందరూ చూస్తుండగానే అది విడిపించుకుంది. సూపర్‌వైజర్ కోటు తెచ్చి పెద్దకోడలి చేతిలో పెట్టాడు. "రేపు నువ్వెళ్ళు. ఏం వెయ్యకూడదో ఇంటింటికీ చెప్పిరా. ముందే నిన్ను పంపకపోవడం నేను చేసిన తప్పు."

ఇన్నాళ్ళూ కోరుకున్న మాట అది. ఇంకా వెచ్చగా ఉన్న కోటు అది. లోపల తియ్యగా ఏదో పొంగింది, నిజంగానే పొంగింది. షెడ్డు అద్దంలో కోటుతో తనని తాను ఒకసారి చూసుకుంది కూడా. కోటు చేతులు ఆమెకి పొట్టయ్యాయి.

ఇంట్లో ఎవరూ కోటు ఊసెత్తలేదు. అత్త గుండీలేవీ చూడలేదు. చిన్నకోడలు తిని, పళ్ళెం కడిగి, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున పెద్దకోడలు వీధి మొదట్లో లారీ దిగింది. మొదటి గేటు కొట్టింది. తడిచేతులతో ఒకావిడ వచ్చింది.

"పొయ్యి గిన్నెలు వెయ్యకండి," అంది పెద్దకోడలు.

"ఏంటి?"

"డబ్బాలో. పొయ్యి గిన్నెలు వెయ్యకూడదు. అద్దాలు వెయ్యకూడదు. పింగాణీ వెయ్యకూడదు. బల్బులు వెయ్యకూడదు."

"అన్నీ కూడదు కూడదు అంటే ఎందుకు పెట్టారమ్మా ఆ డబ్బాలు?" ఆవిడ తలుపేసుకుంది.

రెండో ఇంట్లో ఆమె కరుగుడు వేడి గురించి చెప్పబోయింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడి అడ్డదిడ్డంగా వచ్చాయి. గేటవతల మనిషి రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. మూడో ఇంట్లో "నిన్నటిదాకా వెయ్యమన్నారు, ఇవాళ వద్దంటున్నారు, మీలో మీరు తేల్చుకుని రండి" అన్నారు. ఐదో ఇంటికి చేరేసరికి వీపంతా చెమట పట్టింది. పదకొండేళ్ళుగా ఆమె మాట్లాడింది గాజుతోనే. గాజు ఎదురు మాట్లాడదు.

ఏ గేటు దగ్గరైనా ముందు ఒకటే ప్రశ్న. "ఆ అమ్మాయి రాలేదా?" అది విన్నప్పుడల్లా కడుపులో మంట కొత్తగా రాజుకుంది. కోటు నా ఒంటి మీదుంది, చూడరేం, అనుకుంది.

మాస్టారు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆమె చెప్పింది పూర్తిగా విన్నారు. విని, తల పట్టుకున్నారు. "అయ్యో, వీధంతటికీ చాటింది నేనే. ఆ అమ్మాయిని ఏమీ అనలేదు కదా?"

పెద్దకోడలు కోటు అంచు సర్దుకుంది.

"ఆ ఖాళీ స్థలం చూడండి," అన్నారాయన ఎదురుగా చెయ్యి చూపించి. గోడ పక్కన కాళ్ళకి ఏమీ లేకుండా పిల్లలు బంతాట ఆడుతున్నారు. "పోయిన వారందాకా సీసాల దిబ్బ అది. మా ఆవిడ కాలు తెగింది అక్కడే, పధ్నాలుగు కుట్లు. ఇప్పుడు ఎవరూ అక్కడ సీసా విసరడం లేదు, నడిచొచ్చి డబ్బాలో వేస్తున్నారు." లేచి లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చారు. "ఇవి ఎల్లుండి లారీకి. ఇందులో తప్పులుంటే ఇప్పుడే చెప్పండి."

సీసాలన్నీ కడిగి ఉన్నాయి. మూతలు తీసి ఉన్నాయి. వాటి పక్కన పాత పేపరులో కట్టిన నాలుగైదు పొట్లాలు, దారంతో బిగించి. ప్రతి దాని మీదా లావుపాటి అక్షరాలు: 'పగిలిన గాజు. చెయ్యి జాగ్రత్త.'

"ఇవెందుకు కట్టారు?" అంది పెద్దకోడలు. ఆమె ఎప్పుడూ ఎవర్నీ ఇలా కట్టమని అడగలేదు.

"ఆ అమ్మాయే చెప్పింది. షెడ్డులో వీటిని ఏరేది మా అక్క, ఆవిడ కుడిచేతికి తొడుగు వేసుకోదు, వేళ్ళతోనే చూస్తుంది, మీ గాజు పెంకులో నాకు కనబడేది మా అక్క చెయ్యి అని. ఒక చేతిలో ఎన్ని గాట్లున్నాయో లెక్కపెట్టి మరీ చెప్పింది. మాటల్లో పడి మా ఆవిడ ఏడ్చేసింది కూడా. వీధిలో ఇప్పుడు చాలామంది ఇలాగే కడుతున్నారు." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "మీకు తెలుసా ఆవిడ?"

పెద్దకోడలు కుడిచెయ్యి కోటు జేబులోకి తోసుకుంది.

"తెలుసండి," అంది.

తిరిగి లారీ వైపు నడుస్తుంటే ముందుగా వచ్చింది పశ్చాత్తాపం కాదు. తన గాట్ల సంగతి కూడా తనకన్నా బాగా అదే చెప్పిందన్న ఉక్రోషం. ఆ ఉక్రోషం కింద, చాలా కింద, ఇంకేదో కదిలింది. దానికి పేరు పెట్టే తీరిక లేకుండా లారీ ఎక్కింది.

షెడ్డు ముందు గాజు కుప్ప పక్కన చిన్నకోడలు గొంతుక్కూర్చుని ఉంది. ఇంకో నలుగురు అటువైపు ఏరుతున్నారు. ఆమె ఒక్కో ముక్కా ఎండకెత్తి చూసి, అనుమానంగా దించి, మళ్ళీ ఎత్తుతోంది. పొద్దుట్నుంచీ ఏరింది అరబకెట్టు కూడా లేదు. అందులో సగం మంచి సీసా గాజే.

పెద్దకోడలు కోటు విప్పి గోడకి తగిలించింది. ఎదురుగా కూర్చుంది. కుప్పలోంచి ముక్కలు ఏరి బకెట్లో వెయ్యడం మొదలుపెట్టింది.

"ఆ రోజు మాస్టారు అడిగినప్పుడు నేను లారీ అవతలే ఉన్నా," అంది చివరికి.

"తెలుసు." చిన్నకోడలు తలెత్తలేదు. "లారీ కింద నుంచి నీ బూట్లు కనబడ్డాయి. అందుకే ధైర్యంగా చెప్పా. తప్పయితే నువ్వు వస్తావనుకున్నా."

కుప్పలోంచి గాజు కాస్త జారి సర్దుకుంది.

"మరి నిన్న సార్ అడిగితే చెప్పలేదేం? బుక్కులో నా మాట రాసుకున్నావు కదా?"

"చెబుదామనే అనుకున్నా. నోటిదాకా వచ్చింది." చిన్నకోడలి గొంతులో కోపం ఇప్పుడు బయటపడింది. "చెప్తే నిన్ను కూడా తిట్టేవాడు. నువ్వు ఈ కుప్ప ముట్టుకోవు. నువ్వు ముట్టుకోకపోతే మూడ్రోజుల్లో ఇది తెమలదు. అది చూసుకున్నా, అంతే. నీ మీద ప్రేమతో అనుకోకు. రాత్రంతా నిన్ను తిట్టుకుంటూనే ఉన్నా."

"తిట్టుకో."

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావన్నావు చూడు, అది ఇంకా మంటగా ఉంది నాకు. ఏడు నెలలూ బెల్టు చివర్నే నిలబెట్టావు. పొయ్యి గిన్నె ముక్క ఒక్కటైనా నా దాకా రానిచ్చావా? అన్నీ నువ్వే తీసేసేదానివి. రానిది ఎలా తెలుస్తుందక్కా?" ముక్క ఒకటి ఎత్తి చూసింది. ఏమిటో తేల్చుకోలేక దించేసింది. "నువ్వు అటు చూస్తూనే ఇటు చెయ్యి వేసేదానివి. సరిగ్గా దాని మీదే పడేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈవిడ ముందు నేను ఎప్పటికీ పనికిరానని. కోటు ఇస్తామంటే ఎగిరి గంతేసింది అందుకే. ఈ బెల్టు వదిలిపోతే చాలనిపించింది."

పెద్దకోడలు ఆమెని చూసింది. ఏడు నెలలుగా ఎదురుగా ఉన్న మనిషి కడుపులో కూడా అదే మంట ఉందని ఆ గద్దకన్నుకి కనబడలేదు.

లేచి సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది. రెండు మాటల్లో చెప్పింది. పొయ్యి గిన్నె గాజేనని అన్నది తనే. వీధిలో విని నోరు మూసుకున్నది తనే. లారీ గేటు దాటుతుంటే చూస్తూ ఊరుకున్నది తనే.

సూపర్‌వైజర్ కలం కింద పెట్టాడు. "ఎందుకు చేశావమ్మా? నువ్వా?"

"కుళ్ళు సార్," అంది. ఆ మాట పైకి అంటే ప్రాణం పోతుందనుకుంది. పోలేదు.

ఆయన కిటికీలోంచి కుప్ప వైపు చూశాడు. "సగం పాపం నాది," అన్నాడు. "మీటింగులో దాన్ని మెచ్చుకుంటే, 'సార్, ఇది మా అక్క ఎప్పుడూ అనే మాట' అంది. నేనే కాగితంలో దాని పేరు రాసుకున్నా. చప్పట్ల గోలలో నీకు వినబడి ఉండదు. వెళ్ళు. ముందు కుప్ప సంగతి చూడు. మిగతాది తర్వాత."

పెద్దకోడలు గుమ్మంలో ఆగి, గోడకి వేలాడుతున్న కోటు వైపు చూసింది. తర్వాత వెళ్ళి, కుప్పని మూడు వరసలుగా విడదీయించింది. చిన్నకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని తెల్ల అట్ట ఒకటి తెప్పించింది. "ముక్కని ఎండకి ఎత్తకు. కళ్ళు చెదురుతాయి. అట్ట మీద పెట్టు. పై నుంచి కాదు, పగిలిన అంచు చూడు. ఆకుపచ్చ నీడ ఉంటే సీసా. ఏమీ లేకపోతే బకెట్టు. ఇప్పుడు చెప్పు, ఇదేంటి?"

"సీసా."

"కాదు. మళ్ళీ చూడు."

"నాకు రెండూ ఒకేలా ఉన్నాయక్కా."

"నాకూ ఏడాదిదాకా ఒకేలా ఉండేవి. చూడు."

ఆ మూడు రోజులూ ఇద్దరూ కుప్ప దగ్గర్నుంచి లేవలేదు. మధ్యలో పోట్లాడుకున్నారు కూడా. "అరవకు, అరిస్తే కళ్ళు కనబడవు" అని చిన్నకోడలు, "మాట్లాడుతూ ఏరితే చేతులు తెగుతాయి" అని పెద్దకోడలు. రెండో రోజు మధ్యాహ్నానికి షెడ్డులో అందరూ వచ్చి కూర్చున్నారు. మూడో రోజు పొద్దు వాలకముందే లారీ నిండింది. మర్నాడు కొలిమి నుంచి ఫోనొచ్చింది. సూపర్‌వైజర్ బయటికొచ్చి, బెల్టు గలగలలో ఎప్పట్లాగే అరిచాడు. "తీసుకున్నారు! డబ్బాలు ఉంటాయి!"

ఆ తర్వాత గోడకి వేలాడుతున్న కోటు తీసి, ఇద్దరి మధ్యా పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు.

"దానికే ఇవ్వండి సార్," అంది పెద్దకోడలు. "నేను నోరు తెరిస్తే జనం తలుపులేసుకుంటున్నారు. కాకపోతే ఒకటి. వీధి గాజు నేరుగా కొలిమికి వద్దు. ముందు బెల్టు ఎక్కాల్సిందే. నా ముందు నుంచి."

"అలాగే," అన్నాడాయన. ఈసారి కాగితం మీద రాసుకున్నాడు, ఎవరి మాటో కూడా.

మర్నాడు పొద్దున లారీ బయల్దేరేముందు చిన్నకోడలు కోటు తొడుక్కుని బెల్టు మొదటికొచ్చింది. బెల్టు ఇంకా తిరగడం లేదు. పెద్దకోడలు అట్ట పరిచి, దాని మీద ఐదు ముక్కలు పెట్టింది. ఐదూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. మూడు రోజులుగా చిన్నకోడలు ఐదింట్లో మూడు దాటలేదు.

చిన్నకోడలు వంగి చూసింది. తొడుగు తీసేసి వేలితో ఒకదాన్ని పక్కకి జరిపింది. ఇంకోటి జరిపింది. "ఈ రెండూ బకెట్టు," అంది.

సరిగ్గా అవే.

పెద్దకోడలికి లోపల చురుక్కుమంది. తనకి ఏడాది పట్టింది. దీనికి నాలుగు రోజులు.

ముక్కలు ఊడ్చేసి తొట్టిలోంచి ఇంకో ఐదు తీసింది. ఈసారి బాగా వెతికి, తననే ఒకప్పుడు మోసం చేసిన రకం ఏరి, అట్ట మీద పెట్టింది.

"మళ్ళీ," అంది.